మోషన్ టెస్టా, కొలొనోస్కోపీయా, జీన్ టెస్టా: మాలాంటి ఇంటికి ఏది మేలు?

మా నాన్నకి 48 ఏళ్లకే పెద్దపేగు కేన్సర్ వచ్చింది. దొడ్డికెళ్తే రక్తం పడుతోందని చెప్తే ఇక్కడ శ్రీకాకుళంలో మొలలని ఏడాది మందులు వాడించీశారు, అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోద్ది. ఇప్పుడు నాకు 38. మొన్న మా బావ, మోషన్ టెస్టు చేయించీసుకుంటే పోద్ది కదా, కొలొనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టం పెట్టి పెద్దపేగు లోపల చూసే పరీక్షకి, విశాఖ దాకా ఎందుకన్నాడు.

పేగు కణాలు అడ్డదిడ్డంగా పెరక్కుండా కళ్లెం వేసే జీన్లుంటాయి, ట్యూమర్ సప్రెసర్ జీన్లంటారు. చాలామందిలో ముందు పాడయ్యేది ఏపీసీ, అది పనిచేసినన్నాళ్లూ బీటా కెటెనిన్ అనే ప్రోటీన్ పేరుకోకుండా చూస్తాది, పాడైతే ఆ ప్రోటీన్ పోగుపడి కణాన్ని పెరగమని తరుముతూనే ఉంటాది, అలా పేగు లోపలి గోడ మీద పాలిప్ అనే చిన్న బుడిపె మొలుస్తాది. తర్వాత కొందరిలో స్మాడ్4 పోద్ది, ఇక ఆగమన్న కబురు కణానికి అందదు, వేరే చోటికి పాకడం సులువవుద్ది. పీ53 కూడా పోతే, దెబ్బతిని చచ్చిపోవాల్సిన కణం చావదు. పాలిప్ కేన్సర్ అవ్వడానికి మామూలుగా పదేళ్ల దాకా పడుద్ది, మనకి దొరికే టైమంతా అదే.

మోషన్ టెస్టు చూసేది రక్తం ఉందా లేదా అనే. చవక, ఏటా చేయించుకుంటే ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేనివాళ్లకి మంచిదే, కానీ చిన్న పాలిప్ చాలాసార్లు రక్తం కార్చదు, మరెలా దొరుకుద్ది? కొలొనోస్కోపీలో అదే పాలిప్ కంటికి కనబడుద్ది, అక్కడే తీసీస్తారు. తల్లికో తండ్రికో 60 లోపు వస్తే పిల్లలు 40కి, లేదా వాళ్లకి వచ్చిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు మొదలెట్టాలంటారు, నా లెక్క 38 అయింది. ముందురోజు రాత్రి పౌడర్ కలిపిన నీళ్లు తాగడమే కష్టం, ఉప్పగా జిగటగా ఉంటాయి, అది తాగి ఆమదాలవలసలో రైలెక్కాలనుకోకండి, నేను ముందే వెళ్లి విశాఖలో అత్తవాళ్లింట్లో ఉండిపోయాను. స్క్రీన్ మీద శనగ్గింజంత పాలిప్ చూపించి తీగ ఉచ్చు వేసి తీసీశారు.

జీన్ టెస్టు వేరే సంగతి, ఏపీసీ గానీ ఎంఎల్‌హెచ్1 లాంటి, డీఎన్ఏలో తప్పులు సరిచేసే రిపేర్ జీన్ గానీ ఒక కాపీ పుట్టుకతోనే పాడైందా అని రక్తంలో చూస్తారు. అది ముందు జబ్బు వచ్చినవాళ్లకే చెయ్యాలి, నాన్నలో తేడా దొరక్కుండా నాకు నెగెటివ్ వస్తే ధీమాగా ఉండలేం. దొరికితే మాత్రం పిల్లలకి చాలా ముందే చెకప్‌లు మొదలెట్టొచ్చు, అందుకే టెస్టుకి నాన్న రక్తం ఇప్పించాం.

బావకి ఒకటే చెప్పాను, అక్కకి 41 దాటింది బావా, ముందు తనకి కొలొనోస్కోపీ డేట్ తీసుకో, తోడు నేనొస్తాను.