పికప్‌కి ఫుట్‌బోర్డు: ఫిక్స్‌డ్‌ది మేలా, ముడుచుకునే పవర్‌ది మేలా?

ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొన్న మొదటి ఏడాది, తలుపు కింద కాలు పెట్టి ఎక్కే ఫుట్‌బోర్డు సంగతే నాకు పట్టలేదు. నా కాళ్లకి ఆ అవసరం రాలేదు మరి. అమ్మానాన్నా మిషిగన్ వచ్చాక గానీ తెలియలేదు. అమ్మ ఎడమచేత్తో చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, కుడిచేత్తో లోపలి పిడి అందుకుని, కాలు సగం ఎత్తి మళ్లీ దించేసింది. "నావల్ల కాదు నాన్నా, మీరు వెళ్లి రండి" అంది. అరిగిన మోకాళ్లతో అంత ఎత్తు ఎక్కమంటే ఎవరికైనా కష్టమే.

ముందు చవకలో అయిపోతుందని ఫిక్స్‌డ్‌లో గొట్టం రకం వేశాను. మూడొందల డాలర్ల లోపే వచ్చింది. బండి కింద కంపెనీవాళ్లు ముందే ఇచ్చిన రంధ్రాలకి బ్రాకెట్లు బిగించడమే, డ్రిల్లింగ్ లేదు, వైరింగ్ లేదు, సాకెట్ రెంచి ఉంటే ఒక పూటలో పని తెములుతుంది. చెడిపోవడానికి దాంట్లో మోటారే లేదు, అది చిన్న విషయం కాదు. కానీ ఆ గొట్టం తలుపు గడపకి బాగా దగ్గరగా, దాదాపు దాని కిందే ఉంటుంది. అంటే నేల నుంచి మొదటి అడుగు ఇంకా ఎత్తే. పైగా గుండ్రటి గొట్టం మీద అడుగు పెట్టే చోటు అరచేయంత, వానలో అమ్మ చెప్పు ఒకసారి జర్రున జారింది, నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఫిక్స్‌డ్‌లోనే వెడల్పు పలక రకం తీసుకుంటే ఈ జారుడు బాధ చాలావరకు తగ్గుతుంది. కాకపోతే చక్రాలు ఎగజిమ్మే బురదంతా దాని మీదే పేరుకుంటుంది, దిగేటప్పుడు ప్యాంటుకో చీర అంచుకో అంటుకోకుండా ఉండదు.

పవర్ బోర్డు ఇక్కడే గెలుస్తుంది. తలుపు తీయగానే పలక బయటికి, కిందికి దిగుతుంది, తలుపులన్నీ వేశాక రెండు క్షణాల్లో బండి కిందికి ముడుచుకుంటుంది. గొట్టం కంటే కిందికి రావడమే అసలు లాభం, అందం తర్వాతి మాట. ఆంప్ రీసెర్చ్ కంపెనీ పవర్‌స్టెప్ లాంటివి 600 పౌండ్లు, అంటే 270 కిలోల పైన మోస్తాయి. రాళ్ల దారిలో వెళ్లేటప్పుడు పక్కన ఏదీ వేలాడదు కాబట్టి తగులుతుందన్న భయమూ ఉండదు.

ఖర్చు మాత్రం వెయ్యిన్నర డాలర్లకి అటూ ఇటూ, బిగింపు కూలి వేరే. బిగింపు దగ్గర జాగ్రత్త పడండి. కొత్త కిట్లు స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి (మెకానిక్ బండి లోపాలు చూసే ప్లగ్గు) తగిలించుకుని తలుపు తెరిచిన కబురు అక్కడే అందుకుంటాయి, తలుపుల వైర్లు కోయక్కర్లేదు. పాత పద్ధతిలో ఒక్కో తలుపు వైరుని గీకి కలపాలి. మా ఫ్రెండ్ బండికి ఒక షాపువాళ్లు అలాగే క్లిప్పులతో కలిపి వదిలేశారు. ఒక్క చలికాలానికే ఆ కీళ్లు పచ్చగా చిలుమెక్కి, ఎడమవైపు పలక బయటే ఉండిపోయింది, పాపం హైవే మీద అలాగే ఇంటిదాకా తోలుకొచ్చాడు. మీరే బిగించుకుంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి, మోటార్ల వైర్లని సైలెన్సర్ గొట్టానికి దూరంగా కట్టండి.

ఇంకో గండం ఉప్పు. మా డెట్రాయిట్ కిందే దాదాపు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది, చలికాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పే. అది మంచు ముద్దతో కలిసి బోర్డు కీళ్లలో చేరి గడ్డకడితే మోటారు మూలుగుతుంది గానీ పలక కదలదు. చలికాలంలో రెండు వారాలకోసారి నేను పలకని బయటికి దించి, మోటారు మీద నేరుగా పడకుండా కీళ్ల మీద నీళ్లు గట్టిగా కొట్టి కడిగి, ఆరాక సిలికాన్ స్ప్రే కొడతాను. అడుగు పెట్టే చోట మాత్రం అస్సలు కొట్టకండి, జారుతుంది. ఈ ఓపిక లేనివాళ్లు పవర్ వైపు పోవద్దు, వెడల్పు పలక ఫిక్స్‌డ్‌ది వేసుకుని నిశ్చింతగా ఉండండి. టెక్సాస్‌లో ఉండేవాళ్లకి ఈ బాధ చాలా తక్కువ.

కొత్త బండి కొంటూ, మీరు ఎలాగూ తీసుకోబోయే పై మోడల్‌లో కంపెనీదే పవర్ బోర్డు వస్తుంటే కళ్లు మూసుకుని అదే తీసుకోండి, వారంటీ మొత్తం ఒకచోటే ఉంటుంది. బోర్డు కోసమే పై మోడల్‌కి వెళ్లడం మాత్రం డబ్బు దండగ.

నేను చివరికి గొట్టాలు విప్పేసి పవర్‌దే పెట్టాను. ఒంటరిగా తిరిగే బండైతే పెట్టేవాణ్ణి కాదు, పెద్దవాళ్లు ఎక్కే బండి కాబట్టి పెట్టాను. ఒక్కటి మాత్రం మొదటిరోజే వాళ్లకి చూపించాలి: తలుపు తీసేటప్పుడు బండికి ఆనుకుని నిలబడితే పలక వచ్చి పిక్కకి కొడుతుంది. అమ్మ ఇప్పుడు తలుపు తీసి ఒక అడుగు వెనక్కి వేస్తుంది, పలక ఆగాక కుచ్చిళ్లు పట్టుకుని, నా చెయ్యి అడక్కుండానే ఎక్కి కూర్చుంటుంది.