ల్యాప్‌టాప్‌లో రెండు మూడు లైనక్స్‌లు వేయిస్తున్నారా? షాపులో ‘ఫార్మాట్ కొట్టాలి’ అంటే ఒప్పుకోకండి

ఆన్ చేయగానే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే బూట్ మెనూలో పేరు కనబడనంత మాత్రాన ఆ సిస్టమ్ పోయినట్టు కాదు. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే మా తమ్ముడి ఫైనలియర్ ప్రాజెక్టు మిగిలేది.

హైదరాబాద్‌లో ఒక షాపులో రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొన్నాం. కాలేజీ ల్యాబ్‌లో ఉన్నట్టే ఉబుంటు, అమ్మానాన్నలకి మింట్, తమ్ముడు ఇష్టపడి నేర్చుకుంటున్న ఫెడోరా. మూడూ లైనక్స్ రకాలే, విండోస్‌లాగే ల్యాప్‌టాప్‌ను నడిపే సిస్టమ్‌లు. మూడూ వేసి, ఆన్ చేయగానే ఏది కావాలో ఎంచుకునేలా గ్రబ్ (ఆ మెనూ చూపించి సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ ప్రోగ్రామ్) సెట్ చేసిస్తామని 1,500 రూపాయలు అదనంగా తీసుకున్నారు. షాపులో చూపించినప్పుడు మూడు పేర్లూ వరసగా వచ్చాయి.

పదిహేను రోజులకి ఉబుంటులో అప్‌డేట్లు పడ్డాయి. రీస్టార్ట్ చేస్తే మెనూలో ఉబుంటు ఒక్కటే. షాపుకి పట్టుకెళ్తే అక్కడి కుర్రాడు రెండు నిమిషాలు చూసి, “బూట్‌లోడర్ కరప్ట్ అయింది మేడమ్, మొత్తం ఫార్మాట్ కొట్టాల్సిందే” అన్నాడు. ఫెడోరాలో ప్రాజెక్టు ఉంది, అదొక్కటి తీసివ్వమంటే “పార్టిషనే పోయింది, ఇక రాదు” అన్నాడు, అంటే డిస్క్‌లో ఫెడోరాకిచ్చిన భాగమే పోయిందని. నమ్మాను. ఫార్మాట్ కొట్టి మూడూ మళ్ళీ వేసినందుకు ఇంకో 800 కట్టాను.

మూడు వారాలకి అచ్చం అలాగే అయింది. ఈసారి తమ్ముడు ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగానే ఎఫ్12 నొక్కాడు. గ్రబ్‌ది కాకుండా ల్యాప్‌టాప్ సొంత బూట్ మెనూ తెరుచుకుంది. నల్లటి తెర మీద రెండే పేర్లు: ఉబుంటు, ఫెడోరా. ఫెడోరా మీద ఎంటర్ కొడితే లాగిన్ స్క్రీన్ వచ్చేసింది. ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాడు నోట మాట లేకుండా నా వైపు చూశాడు. మొదటిసారి కూడా ఇలాగే ఉండి ఉంటుంది కదా అని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

తర్వాత కూర్చుని వెతికితే సంగతి బయటపడింది. యూఈఎఫ్ఐ (ఇప్పటి ల్యాప్‌టాప్‌లు ఆన్ అయ్యే పద్ధతి) మెషీన్‌లో ప్రతి లైనక్స్ తన బూట్ ఫైళ్ళను, వాటికోసమే డిస్క్‌లో ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో తన పేరున్న ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. కానీ మింట్ కూడా ‘ఉబుంటు’ అనే ఫోల్డర్‌నే వాడుతుంది! షాపులో మింట్ చివర వేశారు కాబట్టి మొదట మింట్ మెనూ వచ్చింది. ఉబుంటులో గ్రబ్ అప్‌డేట్ కాగానే ఆ ఫోల్డర్‌ను అది తిరిగి రాసేసుకుంది. దానికి తోడు, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపేసి ఉంటుంది. మా ఉబుంటులో అదే జరిగింది. ఈటీసీ ఫోల్డర్ లోపల ‘డిఫాల్ట్’ అనే ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైల్ తెరిచి, ‘గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్’ లైనుకి ఫాల్స్ అని ఇచ్చి, అప్‌డేట్-గ్రబ్ అనే కమాండ్ కొట్టాం. మూడు పేర్లూ వచ్చేశాయి. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

కాబట్టి కొనేవాళ్ళు డబ్బు చేతికిచ్చే ముందు అక్కడే నిలబడి ప్రతి సిస్టమ్‌లోనూ అప్‌డేట్ చేయించండి, రీస్టార్ట్ చేయించండి. మెనూ అప్పుడు కూడా నిలబడిందో లేదో చూడండి. అన్నీ యూఈఎఫ్ఐ మోడ్‌లోనే వేశారా అని అడగండి. ఒకటి లెగసీలో (పాత బయోస్ పద్ధతిలో), మిగతావి యూఈఎఫ్ఐలో ఉంటే ఒకే మెనూ నుంచి తెరవడం పెద్ద తలనొప్పి. ఉబుంటు, మింట్ రెండూ కావాలంటే బూట్ బాధ్యత దేనిదో ముందే తేల్చుకోండి. నన్నడిగితే ఆ రెండింట్లో ఒకటి మానేయడమే మేలు.

మెనూ మాయమైతే ముందు బూట్ కీ నొక్కి చూడండి. డెల్, లెనోవోల్లో చాలావాటికి ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. అక్కడా పేరు లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ల్యాప్‌టాప్‌లో వేయకుండానే లైనక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, ఫైళ్ళు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే ఎవరి చేతికైనా ఇవ్వండి.

ఇదంతా షాపులో చూపిస్తే “అప్‌డేట్ చేసింది మీరే కదా” అన్నారు. డబ్బు తిరిగివ్వలేదు. తమ్ముడు కోడ్ మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాడు.