స్పర్శ్ హాస్పిస్, ఖాజాగూడ, హైదరాబాద్: మా మామయ్య చివరి 19 రోజులు

రేటింగ్ 5/5. హాస్పిస్ అంటే నయం కాని జబ్బుతో చివరి దశలో ఉన్నవాళ్లని బాధ లేకుండా చూసుకునే చోటు. ఇలాంటి చోటుకి స్టార్లు ఇవ్వడమేంటో అనిపిస్తోంది గానీ, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

మామయ్యకి నోటి క్యాన్సర్. అంతకుముందు చూపించిన ఆసుపత్రిలో (పేరు వద్దులెండి) ఐసీయూలో నాలుగు రోజులుంచి, బిల్లు కట్టించుకుని, ఇక చేసేదేం లేదు ఇంటికి తీసుకెళ్లండన్నారు. ఇంటికి తెచ్చాక రాత్రంతా మూలుగు, దవడ దగ్గర పుండు, ఆ వాసనకి మనవలు గది గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు, అది ఆయనకి తెలుస్తూనే ఉండేది.

రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ వాళ్లు 2011లో మొదలుపెట్టిన హాస్పిస్ ఇది. ఒక్క రూపాయి తీసుకోరు. ఫ్రీ అంటే ఎలా ఉంటుందోనని నేనూ అనుమానపడ్డా, తప్పు నాదే. మొదటి రోజే సిస్టర్ మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లి కట్టు కట్టింది. రెండు మూడు రోజుల్లో వాసన బాగా తగ్గింది. మా చిన్నోడు వెళ్లి తాత పక్కన కూర్చున్నాడు! ఇంత చిన్న పని ఇన్నాళ్లూ మాకెవరూ ఎందుకు చెప్పలేదో.

నొప్పికి మార్ఫిన్ (నల్లమందు జాతి మందు) అనగానే అత్తయ్య భయపడింది, అలవాటైపోతుందేమో, త్వరగా పోతారేమో అని. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పారు: నొప్పికి సరిపడా డోసు చూసి ఇస్తాం, నొప్పి వచ్చాక కాదు, రాకముందే టైముకి ఇస్తాం, దాంతో మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు ఇస్తాం అని. ఆ రాత్రి మామయ్య నిద్రపోయారు, అత్తయ్య కూడా.

మింగలేని స్థితిలో టీ కావాలని సైగ చేస్తే, సిస్టర్ దూది టీలో ముంచి పెదాలకి అద్దింది. ఆయన కళ్లు మూసుకుని చప్పరించారు.

చుట్టాలు మాత్రం "అక్కడ పడేసి వచ్చారా" అన్నారు. పడేయడానికి అత్తయ్య మంచం పక్క నుంచి కదిలితే కదా.

ఒకటి ముందే తెలుసుకోండి, ఇక్కడ వెంటిలేటర్, ఐసీయూ లాంటివి ఉండవు, రోగం నయం చేసే చోటు కాదు. చివరి రెండు రోజుల కోసం కాకుండా కాస్త ముందుగానే ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో కనుక్కోండి. బయాప్సీ, స్కాన్, డిశ్చార్జ్ కాగితాలు అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి, మేం సగం ఇంట్లో మర్చిపోయి మా ఆయన్ని మళ్లీ ఉప్పల్ పంపాల్సి వచ్చింది.