డిస్నీ వరల్డ్‌లో మన తిండి: సనా మేలా, యాక్ అండ్ యెటీ మేలా?

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి బయల్దేరే తెలుగు కుటుంబాల్లో, అందులోనూ ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నప్పుడు, ముందుగా వచ్చే ప్రశ్న తిండి గురించే. అక్కడి పార్కుల్లో ఒకటైన ఎప్‌కాట్‌లో దేశానికో మంటపం ఉంటుంది కదా, ఇండియాది కూడా ఉండే ఉంటుందని చాలామంది ధీమాగా వెళ్తారు. ఉండదు. 1982లో ఎప్‌కాట్ తెరిచినప్పుడు తొమ్మిది దేశాలుండేవి. 1984లో మొరాకో, 1988లో నార్వే వచ్చి మొత్తం పదకొండయ్యాయి. ఆ తర్వాత మరో దేశం చేరలేదు. అక్కడి చెరువు చుట్టూ దాదాపు రెండు కిలోమీటర్లు తిరిగినా జపాన్ భోజనం, మొరాకో భోజనం, జర్మన్ బఫే కనిపిస్తాయి గానీ మనదంటూ శాశ్వతమైన హోటల్ ఒక్కటీ లేదు.

మన దేశపు రూపంతోనో రుచితోనో ఉన్నవి వెతికితే ముఖ్యంగా రెండు తేలతాయి. రెండూ డిస్నీ వరల్డ్‌లోని మరో పార్కు యానిమల్ కింగ్‌డమ్ వైపే ఉన్నాయి. పార్కు లోపల ఏషియా భాగంలో ఉన్నది యాక్ అండ్ యెటీ. పార్కు బయట, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే రిసార్టులోని కిడానీ విలేజ్‌లో ఉన్నది సనా. చూపుకి మన ఊరిలా ఉన్న మొదటి చోట వడ్డించేది ఎక్కువగా అమెరికన్ చైనీస్ తరహా వంట. ఆఫ్రికా అలంకరణతో ఉన్న రెండో చోట మాత్రం తందూరులో కాల్చిన నాన్‌లు, చట్నీలు, ఊరగాయలు వస్తాయి. ఈ తేడా తెలియక మొదటిదాంట్లో టేబుల్ తీసుకుని, మెనూ చూశాక నిరుత్సాహపడేవాళ్లు ఎక్కువ. కడుపు నిండా మన రుచి కావాలంటే సనాకే వెళ్లాలి. ఈ మాటలో మాకు తటపటాయింపు లేదు. అయినా యాక్ అండ్ యెటీకి వెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి.

యాక్ అండ్ యెటీ: చూడ్డానికి మనదే

డిస్నీ వాళ్లు యానిమల్ కింగ్‌డమ్‌లో ఆనందపుర్ అనే ఊహా రాజ్యాన్ని కట్టారు. ఇండియా, నేపాల్, ఆగ్నేయాసియా దేశాల పోలికలన్నీ కలిపిన ఊరు అది. పులులుండే మహారాజా జంగిల్ ట్రెక్‌లో పాడుబడిన రాజుల వేట విడిది, గోడల మీద మహారాజుల బొమ్మలు, చేత్తో రాసిన బోర్డులు, రంగులు వెలిసిన గోడలు, పాత సైకిళ్లు ఉంటాయి. పనితనం నిజంగా మెచ్చుకోవాల్సిందే. ఆ వీధిలోనే, ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ రైడ్‌కి వెళ్లే దారిలో, 2007లో తెరిచిన యాక్ అండ్ యెటీ ఉంది. రెండంతస్తుల పాత హిమాలయపు సత్రంలా కట్టి, లోపలంతా విగ్రహాలు, చెక్కపనులు, దీపాలు నింపారు. దీన్ని నడిపేది డిస్నీ కాదు, లాండ్రీస్ అనే కంపెనీ.

మెనూలో పేరున్నవి ఆహి ట్యూనా నాచోస్, లో మెయిన్ నూడుల్స్, వేయించిన రొయ్యలు, ఫ్రైడ్ రైస్ లాంటివి. మన వైపు నుంచి చికెన్ టిక్కా మసాలా ఒక్కటీ పేరు నిలబెడుతుంది. అది కూడా టొమాటో, క్రీమ్ కలిసిన తియ్యటి గ్రేవీయే, కారం పేరుకే. పిల్లలకు బాగా నచ్చేది చివర్లో వచ్చే ఫ్రైడ్ వాన్‌టన్స్: లోపల క్రీమ్ చీజ్, పక్కన అనాసపండు ముక్కలు, వెనిల్లా ఐస్‌క్రీమ్. ఆ ఒక్క తీపి కోసమైనా కూర్చోవచ్చు.

శాకాహారులకు ఇక్కడ చిక్కు ఎక్కువ. ఈ తరహా వంటలో చాలా సాస్‌లలో ఆయిస్టర్ సాసో ఫిష్ సాసో కలుస్తుంది. పైకి కూరగాయలే కనిపించినా రసం చేపదో కోడిదో కావచ్చు. ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు మామూలే. "వెజిటేరియన్" అంటే అమెరికాలో గుడ్డు తినేవాళ్లూ అందులోకే వస్తారు కాబట్టి ఆ ఒక్క మాటతో సరిపెట్టకూడదు. "నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో ఫిష్ సాస్, నో ఆయిస్టర్ సాస్, నో చికెన్ బ్రాత్" అని విడివిడిగా చెప్పాలి.

దీని బలమంతా ఉన్న చోటులోనే ఉంది. జులైలో మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ పార్కులో నడుస్తుంటే పెద్దవాళ్లకు ఏసీ, కుర్చీ, చల్లటి నీళ్లు కావాలి. అప్పుడు బస్సెక్కి సనాకి వెళ్లి రావడమంటే సగం పూట పోతుంది. ఆ వేళకి యాక్ అండ్ యెటీయే మేలు. టేబుల్ దొరక్కపోతే దాని పక్కనే అదే పేరుతో కౌంటర్ దగ్గర కొనుక్కుని తినే భాగం ఉంది. కానీ అక్కడ కూర్చునేది ఆరుబయట, ఎండ కాకపోయినా ఉక్క తప్పదు.

సనా: తినడానికి మనదే

సనా 2009లో కిడానీ విలేజ్‌తో పాటు మొదలైంది. ఆఫ్రికా తూర్పు తీరానికీ మన పడమటి తీరానికీ మధ్య శతాబ్దాలుగా సాగిన ఓడ వ్యాపారంతో జాంజిబార్ లాంటి చోట్ల వంటలు కలిసిపోయాయి. ఆ కలయికే ఈ హోటల్‌కి మూలం. అందుకే ఇక్కడి మన రుచులు అతికించినట్టుండవు, వాటికొక చరిత్ర ఉంది. పెద్ద కిటికీల బయట జిరాఫీలు, జీబ్రాలు మేస్తూ కనిపిస్తాయి.

ఇక్కడ తినాల్సింది ఇండియన్ స్టైల్ బ్రెడ్ సర్వీస్. మెనూలో తొలి వంటకాల వరసలో ఉంటుంది గానీ, నిజానికి ఇద్దరికి భోజనమంత వస్తుంది. ఐదు రకాల రొట్టెలు, తొమ్మిది నంజుళ్లు. రొట్టెల్లో మామూలు నాన్, అల్లం వెల్లుల్లి నాన్, మసాలా నాన్, ఉల్లిపాయ కుల్చా, పనీర్ పరాఠా. నంజుళ్లలో కీరా రైతా, ఎర్ర క్యాప్సికమ్ హమ్మస్, మామిడి చట్నీ, టొమాటో ఖర్జూరం జామ్, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, వెల్లుల్లి ఊరగాయ, ఎండుమిర్చి సంబల్, హాలపీనో నిమ్మ ఊరగాయ. కాలాన్ని బట్టి ఒకటో రెండో మారవచ్చు. ధర 20 డాలర్ల పైమాట. రెండు నంజుళ్లు చాలనుకునేవాళ్లకు తక్కువ ధరలో చిన్న పళ్లెం ఉందేమో అడిగి చూడండి. మనవాళ్లకు మాత్రం మొత్తం తొమ్మిదీ తెప్పించడమే మంచిది, ఎందుకంటే అందులో మూడు తీపి.

తీపి సంగతి ముందే తెలిసి ఉంటే నిరాశ ఉండదు. మామిడి చట్నీ, టొమాటో ఖర్జూరం జామ్ పూర్తిగా తీపి. చింతపండు చట్నీ పానీపూరీ మీద పోసే తీపి చట్నీ లాంటిది, మన చింతపండు పచ్చడిలా ఉంటుందనుకోవద్దు. కారం నాలుక్కి తగిలేవి మూడే: వెల్లుల్లి ఊరగాయ, సంబల్, హాలపీనో నిమ్మ ఊరగాయ. ఆవకాయకి అలవాటుపడ్డ నాలుక్కి ఈ మూడూ సమ్మగానే ఉంటాయి. పిల్లలకు రైతా, హమ్మస్ ఇచ్చి, పెద్దవాళ్లు ఈ మూడింటినీ తమవైపు పెట్టుకుంటే సరిపోతుంది. ఇంకో చిట్కా: అన్నం విడిగా అడిగి, రైతా కలిపి వెల్లుల్లి ఊరగాయ నంజుకుంటే పెరుగన్నం లేదన్న బెంగ చాలావరకు తీరుతుంది.

రొట్టెలు తినే వరసకీ లెక్క ఉంది. నాన్ చల్లారితే తోలులా సాగుతుంది, కాబట్టి పళ్లెం రాగానే మూడు నాన్‌లూ ముందు ముగించాలి. లోపల కూరిన ఉల్లిపాయ, పనీర్ వల్ల కుల్చా, పరాఠా కాసేపు మెత్తగా ఉంటాయి, అవి తర్వాత తినొచ్చు. మిగతా కూరలన్నీ వచ్చాక అన్నీ కలిపి తిందామని ఆగితే పాడయ్యేది రొట్టెలే. నలుగురు పెద్దవాళ్లుంటే ఒక బ్రెడ్ సర్వీస్, రెండు కూరలున్న పళ్లేలు రెండు చాలు. బటర్ చికెన్ లాంటి కూరలు అన్నంతో వస్తాయి. మసాలా సరిగ్గానే ఉంటుంది, కారం మాత్రం నెమ్మది. "మేక్ ఇట్ ఇండియన్ స్పైసీ" అని అడిగినా, ముందే కలిపి ఉంచిన గ్రేవీలో వాళ్లు చేయగలిగింది తక్కువ. దానికంటే సంబల్ ఇంకో గిన్నె అడగడం పని చేస్తుంది.

గుడ్డు ముట్టనివాళ్లు నాన్ పిండిలో గుడ్డుందో లేదో అడిగి తీరాలి. చాలా హోటళ్లలో మెత్తదనం కోసం కలుపుతారు. డిస్నీ మెనూల్లో ఆకు గుర్తు ఉన్న వంటకంలో మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ ఉండవు. గుడ్డు తినని మనవాళ్లకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు అదే. ఉల్లి, వెల్లుల్లి మానిన జైనులకూ వ్రతాల్లో ఉన్నవాళ్లకూ మాత్రం ఆ గుర్తు చాలదు. ఎలర్జీలుంటే బుకింగ్‌లోనే రాయండి. అడిగితే వంటవాళ్లే టేబుల్ దగ్గరికి వచ్చి ఏది తినొచ్చో చెప్తారు. యాక్ అండ్ యెటీతో పోలిస్తే సనా ఎంతో ముందున్నది ఇక్కడే: శాకాహారం ఇక్కడి మెనూలో మొదటి నుంచీ భాగం, బతిమాలి చేయించుకోవాల్సిన పని లేదు.

వెళ్లడం, బుక్ చేయడం

సనాకి పార్కు టికెట్ అక్కర్లేదు. మనిషికి వంద డాలర్లు దాటే టికెట్ కొనకుండా, పార్కుకి వెళ్లని రోజు సాయంత్రం నేరుగా హోటల్‌కే వెళ్లి తినొచ్చు. యాక్ అండ్ యెటీకి టికెట్ తప్పనిసరి.

సొంత కారులో వస్తే రిసార్టు గేటు దగ్గర డైనింగ్ బుకింగ్ చూపించాలి. ఉబర్‌లో వస్తే చిరునామాగా "యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్" అని పెడితే చాలాసార్లు జాంబో హౌస్ దగ్గర దింపేస్తారు. అదే రిసార్టులోని పెద్ద భవనం అది. సనా ఉన్నది పక్క భవనం కిడానీ విలేజ్‌లో. రెండింటి మధ్య పది నిమిషాల నడక, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది కష్టమే. "కిడానీ విలేజ్" అనే పెట్టండి. పార్కు నుంచి రిసార్టు బస్సు ఉంది. ప్రయాణం కొద్ది నిమిషాలే అయినా, బస్సు కోసం ఎదురుచూపు కలిపి 45 నిమిషాలు చేతిలో ఉంచుకోవాలి.

వేళ ఎంచుకోవడంలో ఎక్కువమంది పొరబడతారు. కిటికీలోంచి జంతువులు కనిపించేది వెలుతురున్నంత వరకే. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది, జూన్‌లో దాదాపు ఎనిమిదిన్నర దాకా వెలుగుంటుంది. క్రిస్మస్ సెలవుల్లో ఏడింటికి టేబుల్ తీసుకుంటే నల్లటి అద్దాలు తప్ప ఏమీ కనబడదు. ఆ రోజుల్లో మధ్యాహ్న భోజనానికే వెళ్లాలి. కిటికీ పక్క టేబుల్ కావాలని అక్కడికి చేరగానే అడగండి. మాట ఇవ్వరు గానీ కాస్త ఆగడానికి సిద్ధమంటే తరచూ దొరుకుతుంది.

డిస్నీ డైనింగ్ బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లు ఆ రోజునే తమ బసలో పది రోజుల వరకూ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. టేబుల్ దొరక్కపోతే సనా లాంజ్‌కి వెళ్లండి, బ్రెడ్ సర్వీస్ అక్కడా ఇస్తారు, బుకింగ్ అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురికి ఇది చక్కటి దారి, ఎనిమిదిమంది కుటుంబానికి మాత్రం కుర్చీలు దొరకవు. ఆరుగురు, అంతకు మించి ఉన్న బల్లకి డిస్నీ భోజనశాలల్లో 18 శాతం టిప్ బిల్లులోనే కలిసి వస్తుంది. అది చూసుకోకుండా మళ్లీ టిప్ రాసేస్తే రెండుసార్లు ఇచ్చినట్టే.

మిగిలిన దారులు

ఎప్‌కాట్‌లో ఏటా వేసవి చివర మొదలై నవంబర్ దాకా జరిగే ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్‌లో చాలా ఏళ్లు ఇండియా స్టాల్ పెట్టారు. మద్రాస్ రెడ్ కర్రీ, కోర్మా చికెన్, మూడు నంజుళ్లతో రొట్టె అక్కడ వచ్చేవి. అన్నీ రుచి చూడ్డానికే, ఒక్కో ప్లేటు నాలుగైదు చెంచాలు. దాన్ని భోజనంగా లెక్కేసుకోకండి. ఆ ఏడాది జాబితాలో ఇండియా ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇంటి నుంచి తెచ్చుకోవడం అన్నిటికంటే చౌక. వేడి చేయాల్సిన పని లేని తిండిని డిస్నీ పార్కుల్లోకి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. పులిహోర, మెంతికూర చపాతీ, కారప్పొడి రాసిన ఇడ్లీలు మధ్యాహ్నం దాకా నిలుస్తాయి. పెరుగన్నం వద్దు. ఫ్లోరిడా ఎండలో ఐస్ ప్యాక్ లేకుండా బ్యాగులో ఉంటే త్వరగా పులిసిపోతుంది, కడుపు పాడయ్యే ప్రమాదమూ ఉంది. విమానంలో వచ్చేవాళ్లు ఆవకాయని చేతి సామానులో పెట్టుకోకూడదు. నూనె ఊరగాయని భద్రతా తనిఖీలో ద్రవం కిందే లెక్కేస్తారు, వంద మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. కందిపొడి, కరివేపాకు పొడి అయితే చిన్న పొట్లాల్లో నిశ్చింతగా వస్తాయి.

పెద్దవాళ్లకి దోసె, సాంబారు, అసలైన కారమే కావాలంటే పైవేవీ ఆ లోటు తీర్చవు. సనా రుచి ఉత్తరాది రొట్టెలది. ఇడ్లీ, పప్పు, చారు అక్కడ ఆశించకూడదు. అప్పుడు ఓర్లాండో ఊళ్లోకి, ఇంటర్నేషనల్ డ్రైవ్, ఆరెంజ్ బ్లాసమ్ ట్రెయిల్ వైపు కారులో వెళ్తే దక్షిణాది హోటళ్లు దొరుకుతాయి, అరగంట ప్రయాణం. నాలుగు రోజుల ప్రయాణమైతే మొదటి రెండు రోజులు చేతి తిండితో నెట్టి, మూడో రోజు సాయంత్రం సనా పెట్టుకుని, వెళ్లిపోయే ముందు రోజు ఊళ్లో దోసెకి వెళ్లడం పెద్దవాళ్ల నోటికీ ఖర్చుకీ కుదిరే వరస. సనాని మొదటి రోజుకి పెట్టొద్దు. విమానం ఆలస్యమైతే ముందుగా పోయేది ఆ టేబులే, సమయానికి రద్దు చేయకపోతే తలకింతని రుసుము కూడా కట్టాలి.