పద్నాలుగు నెలల కిందటి ఫైలు దొరికింది: రెస్టిక్‌తో నాలుగేళ్లు

రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌ను 2021లో మా ఇంటి విండోస్ కంప్యూటర్లో పెట్టుకున్నాను. అప్పటినుంచి నాలుగేళ్లకు పైగా రోజూ రాత్రి నడుస్తూనే ఉంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పనితనం పెట్టుకున్న వారంలో తెలిసేది కాదు, పోయిన ఫైలు కోసం వెతుక్కునే రోజున తెలుస్తుంది. రెస్టిక్ వచ్చాక నాకు అలాంటి రోజులు రెండు వచ్చాయి. అంతకుముందు వచ్చినది ఇంకొకటి ఉంది, దాన్నుంచే మొదలుపెట్టాలి.

అప్పట్లో నేను బ్యాకప్ అనుకున్నది నిజానికి మిర్రర్. ఒక ఉచిత ప్రోగ్రామ్ ప్రతి ఆదివారం నా ఫోల్డర్లను ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేసేది. ఇక్కడ మారింది అక్కడ మార్చేది, ఇక్కడ లేనిది అక్కడా తీసేసేది. అమ్మమ్మ చెప్పిన కథలు రికార్డు చేసిన 11 ఆడియో ఫైళ్లలో మూడు ఎప్పుడో సున్నా బైట్లు అయిపోయాయి. నేను గమనించేలోపే ఆ ఖాళీ ఫైళ్లు డ్రైవ్‌లోకి వెళ్లి మంచి కాపీల స్థానంలో కూర్చున్నాయి. అమ్మమ్మ అప్పటికే మాతో లేదు. ఆ మూడు కథలు మళ్లీ దొరకలేదు.

అందుకే రెస్టిక్‌లో నేను మొదట చూసింది వేగం కాదు, పాత వెర్షన్లు ఎంతకాలం ఉంచుతుందన్నది. ఇందులో ప్రతి బ్యాకప్ ఒక స్నాప్‌షాట్. ఆ రోజు ఫోల్డర్లన్నీ ఎలా ఉన్నాయో అలాగే కనిపిస్తాయి. కానీ రోజూ మొత్తం డేటాను మళ్లీ రాయదు. ఫైళ్లను సగటున 1 ఎంబీ ఉండే ముక్కలుగా విడగొట్టి, ఇంతకుముందు చూసిన ముక్కను రెండోసారి దాచుకోదు. నా డేటా దాదాపు 380 జీబీ. మొదటి బ్యాకప్‌కి ఒక రాత్రంతా పట్టింది, ఇప్పుడు రోజూ నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఒకసారి ఫొటోల పెద్ద ఫోల్డర్ పేరు మార్చాను. ఆ రాత్రి ఫైళ్లన్నీ మళ్లీ మొదటినుంచి చదివింది, చాలాసేపు పట్టింది. డ్రైవ్‌లో మాత్రం స్థలం దాదాపు ఏమీ పెరగలేదు.

ఏ స్నాప్‌షాట్లు ఉంచాలో ఫర్గెట్ అనే కమాండ్‌తో మనమే చెప్పాలి. నేను పెట్టుకున్న లెక్క: రోజువారీవి 7, వారానికొకటి చొప్పున 5, నెలకొకటి చొప్పున 24, ఏడాదికొకటి చొప్పున 10. ఫర్గెట్ స్నాప్‌షాట్‌ను జాబితాలోంచి తీస్తుందే గానీ స్థలం ఖాళీ చేయదు, దానికి ప్రూన్ అని వేరే కమాండ్ ఉంది. మొదట్లో ఇది తెలియక డ్రైవ్ ఎందుకు నిండిపోతోందో అర్థం కాలేదు. రెండింటికీ డ్రై రన్ ఉంది. ఏమేం పోతాయో ముందు చూసుకుని, ఆ తర్వాతే నిజంగా నడపండి.

నెలవారీ స్నాప్‌షాట్లు 24 ఉంచడం అతి అని మా ఇంట్లోనే అన్నారు. 2024లో నాన్నగారి డైరీ పేజీలను చిన్న పుస్తకంగా ప్రింటు వేయిద్దామని స్కాన్లు తెరిస్తే, అక్షరాలు మసకగా ఉన్నాయి. ఏడాది కిందట వాట్సాప్‌లో పంపడానికి ఆ ఫోల్డర్‌లోని బొమ్మలన్నిటినీ ఒకేసారి సైజు తగ్గించాను, అసలు ఫైళ్ల మీదే సేవ్ అయ్యాయి. డైరీ అప్పటికే చెదలు పట్టి పోయింది, మళ్లీ స్కాన్ చేసే దారి లేదు. ఫైండ్ కమాండ్‌తో ఒక పేజీ పేరు వెతికితే ఏ స్నాప్‌షాట్‌లో ఎంత సైజు ఉందో వరసగా చూపించింది. ఒక నెలలో 9 ఎంబీ, తర్వాతి నెలలో 300 కేబీ. సరిగ్గా దానికి ముందున్న స్నాప్‌షాట్, అంటే పద్నాలుగు నెలల కిందటిది, అందులోంచి ఆ ఒక్క ఫోల్డర్‌ను వేరే చోటికి రీస్టోర్ చేశాను. 212 పేజీలూ వచ్చాయి. ముప్పై రోజుల వెర్షన్లే ఉంచే లెక్క పెట్టుకుని ఉంటే ఆ పుస్తకం ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో రెండోది, కంప్యూటర్ లోపలి డిస్క్ (ఎస్‌ఎస్‌డి) పోయిన రోజు. ఇక్కడ రెస్టిక్ చేయనిది కూడా చెప్పాలి. ఇది ఫైళ్ల బ్యాకప్, విండోస్‌తో సహా డిస్క్ మొత్తాన్ని కాపీ తీసే సిస్టమ్ ఇమేజ్ కాదు. కొత్త డిస్క్ పెట్టి విండోస్ మళ్లీ ఎక్కించి, ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే వేసుకున్నాక, మూడు గంటలకు పైగా నడిచి ఫైళ్లు వచ్చాయి. ఉన్న కంప్యూటర్‌ను ఉన్నట్టుగా లేపాలంటే ఇమేజ్ తీసే ప్రోగ్రామ్ అదనంగా పెట్టుకోండి. నాకు ప్రోగ్రాములు మళ్లీ వేసుకోవడం పెద్ద బాధ కాదు కాబట్టి పెట్టుకోలేదు.

దీనికి విండోలు, బటన్లు లేవు, అంతా కమాండ్లే. బ్యాక్‌రెస్ట్ లాంటి వేరే ప్రోగ్రాములు బ్రౌజర్‌లో నడిపే వీలు ఇస్తాయి గానీ నేను విండోస్‌లోనే ఉండే టాస్క్ షెడ్యూలర్, కమాండ్లు రాసి పెట్టుకున్న ఒక చిన్న స్క్రిప్టుతో సరిపెట్టుకున్నాను. స్నాప్‌షాట్‌ను మామూలు ఫోల్డర్‌లా తెరిచే మౌంట్ సదుపాయం విండోస్‌లో పనిచేయదు, ఆ లోటు నాకు తరచూ తెలుస్తుంది. మెయిల్ ప్రోగ్రామ్ తెరిచి ఉన్నప్పుడు దాని ఫైలు చదవాలంటే షాడో కాపీ ఆప్షన్ ఇచ్చి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. కొన్ని ఫైళ్లు చదవలేకపోతే, పని ముగిశాక ఫలితం చెప్పే అంకెగా (ఎగ్జిట్ కోడ్) 3 ఇస్తుంది, స్క్రిప్టులో దాన్ని పట్టుకోకపోతే మీకు తెలియదు. నా స్క్రిప్టు, చివరి స్నాప్‌షాట్ మూడు రోజులకంటే పాతదైతే తెర మీద హెచ్చరిక చూపిస్తుంది. నాలుగేళ్లలో నన్ను ఎక్కువసార్లు కాపాడింది ఆ హెచ్చరికే. పని మధ్యలో కంప్యూటర్ స్లీప్‌లోకి వెళితే, రెస్టిక్ పనిచేసేటప్పుడు బ్యాకప్‌కి వేసుకునే లాక్ మిగిలిపోయి ప్రూన్ ఆగుతుంది, అప్పుడు అన్‌లాక్ కమాండ్ ఇస్తే సరి.

2022లో 0.14 వెర్షన్‌తో కంప్రెషన్ వచ్చింది. పాత బ్యాకప్‌ను కొత్త పద్ధతికి మార్చాను. డాక్యుమెంట్లు బాగా తగ్గాయి, ఫొటోలు, వీడియోలు తగ్గలేదు, అవి ముందే కుదించి ఉంటాయి కదా.

డ్రైవ్‌లు రెండు. ఒకటి కంప్యూటర్‌కి ఉంటుంది, రెండోది వేరే ఇంట్లో ఉంటుంది, నెలకోసారి మారుస్తాను. ఎప్పుడూ తగిలించి ఉన్న డ్రైవ్‌ను, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ కూడా చేరగలదు. మార్చే రోజునే చెక్ కమాండ్‌తో డేటాలో పదో వంతు నిజంగా చదివించి చూస్తాను.

అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, పాస్‌వర్డ్ పోతే తెరిచే దారే లేదు. ఈ విషయంలో నాకు చాలాకాలం టెన్షన్ ఉండేది. నాకేమైనా అయితే ఇంట్లోవాళ్ల సంగతేమిటి? ఒకే బ్యాకప్‌కి రెండో పాస్‌వర్డ్ చేర్చుకోవచ్చని తెలిశాక చెల్లికి తనదంటూ ఒకటి పెట్టి ఇచ్చాను. రెస్టిక్ ఒక్క ఫైలే, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, దాన్ని డ్రైవ్‌లోనే పెట్టాను. చేయాల్సింది ఒక కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చాను. గత నెలలో నేను పక్కన లేకుండా తన లాప్‌టాప్‌లో ప్రయత్నించింది. కాసేపటికి ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వు డ్రైవ్ పేరు ఇ అని రాశావు, నా దాంట్లో ఎఫ్ అని వచ్చింది" అంది. మార్చి కొట్టమన్నాను. మిగిలిన ఎనిమిది కథల్లో ఒకటి తెరుచుకుంది, ఫోన్లో అమ్మమ్మ గొంతు వినిపించింది. ఆ కాగితంలో ఒక లైను చేర్చి మళ్లీ ప్రింటు తీశాను.