క్యాప్సూల్స్, టమాటాలు, పీఎస్ఏ పరీక్ష: ప్రొస్టేట్‌కి ఏది మేలు?

సంక్రాంతికి వస్తూ మా తమ్ముడు డాలస్ నుంచి వాళ్ల నాన్నకి ఒక సీసా తెచ్చాడు. ముదురాకుపచ్చ రంగు, లోపల నూట ఎనభై క్యాప్సూల్స్, మీద బంగారు అక్షరాలు. పండగ అయిపోయాక బాబాయి దాన్ని చేతిసంచిలో వేసుకుని నా మందుల షాపుకొచ్చాడు. సీసా కౌంటర్ మీద పెట్టి, పక్కనే పేపర్లోంచి కత్తిరించిన ముక్క పెట్టాడు. టమాటాలు తింటే ప్రొస్టేట్ క్యాన్సర్ దరిచేరదని అందులో ఉంది. దాని పక్కన మడతపెట్టిన పీఎస్ఏ ల్యాబ్ రిపోర్టు, అంటే ప్రొస్టేట్ వదిలే ఒక ప్రొటీన్ రక్తంలో ఎంతుందో చూసే పరీక్షది.

"ఈ మూడింట్లో ఏది మేలురా?" అన్నాడు. అవతల ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు కదా, గొంతు బాగా తగ్గించి.

నేను డాక్టర్ని కాను, ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నవాణ్ని. బీపీ మాత్రలు గట్టిగా అడిగి తీసుకునే మగవాళ్లు కూడా ఈ ఒక్క విషయానికి పక్కన ఎవరూ లేనిదాకా ఆగుతారు. తీరా అడిగాక చూస్తే, ఆ ప్రశ్నలో సగంసార్లు రెండు జబ్బులు కలిసిపోయి ఉంటాయి. రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం, అయిపోయిందనుకుని బయటికొచ్చాక మళ్లీ బొట్లు పడటం, ఇవి చాలావరకు మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి వయసుతో పెరగడం వల్ల వచ్చే తిప్పలు. ఆ పెరుగుదల క్యాన్సర్ కాదు, ముదిరి క్యాన్సర్‌గా మారదు కూడా. ప్రొస్టేట్ క్యాన్సర్ అలా కాదు, మొదట్లో అసలు చప్పుడే చేయదు. మన దగ్గర చాలామందికి నడుం నొప్పితో బయటపడుతుంది, అప్పటికే ఎముకల్లోకి పాకి ఉంటుంది. కాబట్టి ఏది మేలు అనేముందు దేనికి మేలో తేల్చుకోవాలి. ధారకా, క్యాన్సర్ రాకుండానా, వస్తే ముందే తెలియడానికా?

ముందు సీసా సంగతి. లేబుల్ తిప్పి చూస్తే సా పామెట్టో, సెలీనియం, విటమిన్ ఈ, లైకోపీన్, జింక్ ఉన్నాయి. ఇలాంటివి ఇక్కడ తయారైనవి నా అలమరలోనూ ఉన్నాయి. దాచడమెందుకు, బీపీ మాత్రల స్ట్రిప్ మీద కంటే వీటి మీద నాకు చాలా ఎక్కువ మిగులుతుంది. అయినా అడిగినవాళ్లకే ఇస్తాను, నా అంతట నేను చూపించను. సా పామెట్టో అమెరికాలో పెరిగే ఒక పొట్టి తాటిజాతి మొక్క. దాని కాయల సారాన్ని ధార బాగుపడుతుందని అమ్ముతారు. అక్కడే 369 మందికి మామూలు మోతాదుకి మూడింతల దాకా పెంచుకుంటూ ఇచ్చి చూశారు. 2011లో ఫలితం చెప్పారు, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ల కంటే వీళ్లకి ఒరిగిందేమీ లేదు.

సెలీనియం, విటమిన్ ఈ కథ ఇంకా ఘోరం. క్యాన్సర్ రాకుండా ఆపుతాయనే ఆశతో 2001లో 35 వేలమందికి పైగా మగవాళ్లతో పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. లాభం కనపడక 2008లోనే మాత్రలు ఆపించి, మనుషుల్ని మాత్రం గమనిస్తూ వచ్చారు. 2011 నాటికి లెక్క తేలింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వెయ్యిమందిలో ఏడేళ్లకి 65 మందికి ప్రొస్టేట్ క్యాన్సర్ వస్తే, ఒక్క విటమిన్ ఈ వేసుకున్న వెయ్యిమందిలో 76 మందికి వచ్చింది. సెలీనియం ఎవరినీ కాపాడలేదు. ఆ పరిశోధనలో రోజుకి 400 యూనిట్ల విటమిన్ ఈ ఇచ్చారు, బాబాయి సీసాలో అంత లేదు. ఆ మాటా చెప్పాను. "తక్కువైతే తక్కువ నష్టమంటావు, అంతేనా?" అన్నాడు. అంతే.

ఇక పేపరు ముక్క. అది గాల్లోంచి పుట్టిన మాటేమీ కాదు. 1995లో హార్వర్డ్ వాళ్లు వేలమంది మగవాళ్ల తిండి అలవాట్లు రాసుకుని చూస్తే, టమాటా వంటకాలు వారానికి పదిసార్లకు మించి తినేవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 35 శాతం తక్కువగా కనిపించింది. ఆ టమాటాల లెక్కలో పిజ్జా కూడా ఉంది, బాబాయికి ఆ సంగతి చెప్పలేదు. కానీ టమాటా ఎక్కువ తినేవాడు ఇంకేం తింటాడో, ఎంత నడుస్తాడో, అవన్నీ ఈ లెక్కలో కలిసిపోతాయి కాబట్టి దీన్ని రుజువు అనలేం. టమాటాని ఎర్రగా చేసే లైకోపీన్ ఉడికించి నూనె తగిలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. అంటే పచ్చిముక్కల కంటే పిన్ని చేసే టమాటా పప్పే నయం. సీసాకీ పప్పుకీ పోటీ పెడితే నేను కళ్లు మూసుకుని పప్పు వైపే ఉంటాను. క్యాన్సర్ని ఆపుతుందని కాదు, చెడు చేయదని. పైగా ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో కూడా చాలామంది చివరికి పోయేది గుండెజబ్బు లాంటి వేరే కారణాలతోనే. పొట్ట తగ్గించుకోవడం, సిగరెట్ మానడం, రోజూ నడవడం ఆ గుండెకి ఎలాగూ పనికొస్తాయి.

బాబాయి కౌంటర్ మీద పెట్టనిది ఇంకొకటి ఉంది. అది నా అలమరలోనే ఉంది, రెండేళ్లుగా అతనికి నేనే ఇస్తున్నాను. ధార కోసం యూరాలజిస్ట్, అంటే మూత్రవ్యాధుల డాక్టర్, రాసిన ట్యామ్సులోసిన్, డ్యుటాస్టెరైడ్ కలిసిన మాత్ర. మొదటిది దారిని వదులు చేస్తుంది, రెండోది నెలల మీద గ్రంథిని చిన్నది చేస్తుంది. క్యాన్సర్ రాకుండా ఆపుతుందా అని పెద్ద ఎత్తున పరీక్షించి చూసినవాటిలో నిజంగా ఎంతోకొంత పనిచేసింది ఈ రెండోదాని, అంటే డ్యుటాస్టెరైడ్ కుటుంబమే. దీని అన్నలాంటి ఫినాస్టెరైడ్‌ని దాదాపు 19 వేలమంది మీద ఏడేళ్లు వాడి చూశారు. 2003లో వచ్చిన లెక్క ప్రకారం ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 24.4 శాతం మందికి క్యాన్సర్ దొరికితే, వీళ్లలో 18.4 శాతం మందికే దొరికింది. అయితే దూకుడుగా పెరిగే ముదురు రకం మాత్రం వీళ్లలోనే కాస్త ఎక్కువ కనపడింది, వాళ్లలో 5.1 శాతమైతే వీళ్లలో 6.4. ఆ భయం వల్ల 2011లో అమెరికా మందుల సంస్థ లేబుల్ మీద హెచ్చరిక పెట్టించింది. తర్వాత పద్దెనిమిదేళ్ల దాకా చూస్తే బతికున్నవాళ్ల లెక్కలో రెండు వైపులా తేడా లేదు. కోరిక తగ్గడం లాంటి ఇబ్బందులు కొందరికి ఉంటాయి. ధార కోసం డాక్టర్ రాస్తే వాడుకోవాలి, క్యాన్సర్ రాకూడదని సొంతంగా మొదలుపెట్టే మాత్ర కాదు.

ఇప్పుడు ల్యాబ్ కాగితం. పీఎస్ఏ పరీక్ష దేన్నీ రాకుండా ఆపదు, ఉంటే పట్టిస్తుంది. అదీ కచ్చితంగా కాదు. గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, రెండు రోజుల ముందు భార్యాభర్తలు కలిసినా, చాలాసేపు సైకిల్ తొక్కినా అంకె పెరగొచ్చు. ఐరోపాలో లక్షా అరవై వేలమందికి పైగా మగవాళ్లని 23 ఏళ్లు గమనించి 2025లో లెక్క చెప్పారు. పరీక్షకి పిలిచిన గుంపులో ఈ క్యాన్సర్‌తో చనిపోవడం 13 శాతం తగ్గింది. ఇంకోలా చెప్పాలంటే 456 మందిని పిలిస్తే ఒక ప్రాణం నిలబడింది. ఆ ఒక్కడి కోసం అదనంగా పన్నెండుమందికి క్యాన్సర్ అని చెప్పాల్సొచ్చింది. ఆ మాట విని రాత్రుళ్లు నిద్రపట్టని ఇంటి టెన్షన్ ఏ లెక్కలోకీ రాదు.

ఒకప్పుడు అంకె పెరిగితే నేరుగా సూది గుచ్చి ముక్క తీసేవారు, ముక్కలో ఏదన్నా కనపడితే ఆపరేషన్. ఇప్పుడు మంచి యూరాలజిస్టులు ముందు ఎంఆర్ఐ తీయించి, అనుమానం ఉంటేనే ముక్క పరీక్షకి వెళ్తున్నారు. దొరికింది నెమ్మదిగా పెరిగే రకమైతే వెంటనే కోయకుండా కనిపెట్టుకుని ఉంటారు. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులు చేసి కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ చేశారు, కొందరిని కనిపెట్టుకుని ఉన్నారు. పదిహేనేళ్లకి ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఏ గుంపులోనూ నూటికి ముగ్గురికి అటూఇటూ మించలేదు. కనిపెట్టుకుని ఉన్న గుంపులో క్యాన్సర్ పాకడం మాత్రం ఎక్కువే, అదీ మర్చిపోకూడదు. ఇవన్నీ కలిపి చూస్తే పరీక్ష చేయించుకోవడం పదేళ్ల కిందటి కంటే ఇప్పుడే తక్కువ ప్రమాదం అని నా ఉద్దేశం.

బాబాయి రిపోర్టులో 3.1 ఉంది. పక్కన నాలుగు లోపు నార్మల్ అని అచ్చేసి ఉంది. "నార్మలేగా," అన్నాడు, కాగితం మళ్లీ మడుస్తూ.

నేను ఆ మడత విప్పించాను. డ్యుటాస్టెరైడ్ ఆరు నెలలకు మించి వాడితే పీఎస్ఏ సుమారు సగానికి పడిపోతుంది. ఫినాస్టెరైడ్ కూడా అంతే. జుట్టు ఊడుతోందని చిన్న మోతాదులో వాడే కుర్రాళ్లకీ ఇదే వర్తిస్తుంది. అంటే బాబాయి అంకెని రెండింతలు చేసి చదవాలి, 6.2. రక్తం తీసినవాళ్లు ఏ మందులు వాడుతున్నారని అడగలేదు, ఇతనూ చెప్పలేదు. రెండేళ్లు ఆ స్ట్రిప్పులు కవర్లో వేసిచ్చిన నేనూ ఎప్పుడూ చెప్పలేదు. అది గుర్తొచ్చి కాసేపు నోట మాట రాలేదు.

ఆ వారమే యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. మళ్లీ పరీక్ష చేయిస్తే 2.9 వచ్చింది. ఆయనా రెండింతలే చేసి చూసి, ఎంఆర్ఐ రాశాడు. అనుమానించేదేమీ కనపడలేదు కాబట్టి సూది అక్కర్లేదని, ఆరు నెలలకి మళ్లీ రమ్మని చెప్పాడు. ఎంఆర్ఐ ఖర్చు వేలల్లో, పీఎస్ఏ వెయ్యి లోపే. ఆ సీసా ఖరీదు ఎంతో తమ్ముడు ఇప్పటికీ చెప్పలేదు.

బాబాయి వయసువాళ్లకి నా మాట ఇదే: సీసా వద్దు, పప్పు సరే, పరీక్ష డాక్టర్‌తో మాట్లాడుకుని చేయించుకోవాలి. 55 నుంచి 69 మధ్య అలా మాట్లాడుకుని నిర్ణయించుకోమనే అమెరికా నిపుణుల బృందం 2018లో చెప్పింది. డెబ్బై దాటి ఏ ఇబ్బందీ లేనివాళ్లకి ఊరికే చేయించొద్దంది. నాన్నకో అన్నకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే నలభై అయిదుకే అడగడం మంచిది. నాకు యాభై ఒకటి, మా ఇంట్లో ఎవరికీ లేదు, నేనింకా చేయించుకోలేదు.

సీసా ఇంకా నా కౌంటర్ కిందే ఉంది, బాబాయి తీసుకెళ్లలేదు. డ్యుటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ మాత్రలు ఎవరు కొన్నా కవరు మీద పెన్నుతో ఒక ముక్క రాసిస్తున్నాను: "పీఎస్ఏ చేయిస్తే ఈ మందు వాడుతున్నట్టు చెప్పండి." నిన్న ఒక పెద్దాయన అది చదివి, పక్కకి చూసి, "పీఎస్ఏ అంటే ఏంటి బాబూ?" అన్నాడు, గొంతు తగ్గించి.