సెకండ్ హ్యాండ్ గోల్ఫ్ ఐరన్లతో నాలుగేళ్లు, కొత్తవాటితో రెండేళ్లు

మేం టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. ఇక్కడి నేల అచ్చం మా కర్నూలు వైపు నల్లరేగడి. వాన పడితే బూట్లకి ముద్దలా అంటుకుంటుంది, జులై వచ్చేసరికి బీటలు వారుతుంది. ఆ ఎండిన నేల మీద గోల్ఫ్ క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర, బంతి కంటే ముందు మట్టిని తాకిందంటే మోచేతి దాకా జిల్లుమంటుంది. కింద చెప్పేదంతా ఈ నేల మీద వారానికి ఒక రౌండు, రెండు రోజులు రేంజ్ (బంతులు కొట్టి సాధన చేసే చోటు) చొప్పున వాడాక తెలిసిన సంగతులు.

నా మొదటి ఐరన్ల సెట్టు (ఐరన్లంటే చదునైన లోహపు ముఖం ఉన్న క్లబ్బులు, నంబరు పెరిగేకొద్దీ పొట్టిగా ఉండి బంతిని తక్కువ దూరం కొడతాయి) 2017లో ఒక వ్యక్తి దగ్గర 150 డాలర్లకి కొన్నాను. పేరున్న కంపెనీవే, మెరుస్తూ కనిపించాయి. చూడటం రాకుండా కొన్నాను. మూడో వారంలో రేంజ్ మీద సిక్స్ ఐరన్ కొడితే బంతితో పాటు క్లబ్ తల కూడా ఊడి ఎగిరిపోయింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. లోపల అతికించిన జిగురు ఎప్పుడో ఎండిపోయిందట. ఏడాది తర్వాత క్లబ్బులన్నీ వరసగా గోడకి ఆనించి చూస్తే ఎయిట్ ఐరన్, నైన్ ఐరన్ ఒకే పొడవున్నాయి. మామూలుగా ఒక్కో నంబరుకి అర అంగుళం తేడా ఉండాలి. అంటే ఎయిట్‌కి ఎవరో షాఫ్ట్ (క్లబ్ కడ్డీ) మార్చి పొట్టిగా కోశారు. ఏడాది పాటు నా ఎయిట్ ఐరన్ దూరం వెళ్లకపోవడం నా స్వింగ్ తప్పే అనుకున్నాను.

2019లో పింగ్ కంపెనీ జీ410 వచ్చింది. దాంతో అంతకుముందు మోడల్ జీ400 సెకండ్ హ్యాండ్ ధరలు బాగా దిగాయి. ఫైవ్ నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా, ఇంకో గ్యాప్ వెడ్జ్ (వెడ్జ్‌లంటే దగ్గరి షాట్లకి వాడేవి), మొత్తం ఏడు క్లబ్బులు 420 డాలర్లకి వచ్చాయి. కొత్తగా ఉన్నప్పుడు ఒక్కోటీ వంద డాలర్ల పైమాటే. ఈసారి జాగ్రత్తగా చూశాను. ఒక్కో క్లబ్బూ చెవి దగ్గర పెట్టి ఊపాను, లోపల ఏదైనా గలగలమంటోందా అని. తల, షాఫ్ట్ కలిసే చోట ఉండే నల్ల ప్లాస్టిక్ రింగు కదులుతోందా, షాఫ్ట్ అడుగున తుప్పు గుంటలు ఉన్నాయా అని చూశాను. గోరుతో ముఖం మీది గాడులు, అంటే గ్రూవ్‌లు, గీకాను, అంచు గోటికి తగలాలి. నైన్ ఐరన్, పిచింగ్ వెడ్జ్ ముఖాల మధ్యలో రూపాయి బిళ్లంత నునుపు మచ్చ కనబడితే దాంతో వేల బంతులు కొట్టారని అర్థం. ఈ సెట్టులో అలాంటిది లేదు.

అయినా ఒకటి తప్పిపోయింది. పింగ్ ఐరన్ల తల మీద చిన్న రంగు చుక్క ఉంటుంది, అది లై యాంగిల్, అంటే షాఫ్ట్ నేలకి ఎంత కోణంలో నిలుస్తుందో, చెప్తుంది. నల్ల చుక్క మామూలుది. నాకు వచ్చింది ఆకుపచ్చ చుక్క, అంటే షాఫ్ట్ బాగా నిటారుగా ఉండేది, పొడుగు మనుషులకి నప్పేది. నేను ఐదడుగుల ఏడంగుళాలు. అలాంటి క్లబ్ నేలకి ఆనినప్పుడు టో (తల కొస) పైకి లేస్తుంది, ముఖం ఎడమవైపు తిరుగుతుంది, బంతి కూడా ఎడమకే పోతుంది. మంచి షాట్ అనుకున్నది కూడా గుంట చుట్టూ ఉండే గ్రీన్‌కి ఎడమ పక్కన పడుతుంటే తెలిసింది. చవగ్గా రావడానికి ఆ చుక్క కూడా ఒక కారణమే అయ్యుండాలి.

జీ400 తల పోత పోసిన 17-4 స్టెయిన్‌లెస్ స్టీల్. గట్టిది, ఎక్కువ వంగదు. షాపతను లై సరిచేయడానికి ఒకటిన్నర డిగ్రీ దాకా వంచి, అంతకు మించితే విరుగుతుందని ఆపేశాడు. నాకు అది చాలింది. దానికి 35 డాలర్లు, ఏడు కొత్త గ్రిప్‌లకి (చేత్తో పట్టుకునే తొడుగులు) 85. అంటే 420 అనుకున్న సెట్టు 540 అయింది. సెకండ్ హ్యాండ్ ధర చూసేటప్పుడు ఈ రెండు ఖర్చులూ కలుపుకోండి, ముఖ్యంగా గ్రిప్‌లు. బొటనవేలితో నొక్కితే గట్టిగా, జారుతున్నట్టు ఉంటే మార్చాల్సిందే. తెలియకుండానే చెయ్యి బిగించి పట్టుకుంటాం, స్వింగ్ అంతా బిగుసుకుపోతుంది.

ఆ ఐరన్లతో నాలుగేళ్లు ఆడాను. హ్యాండిక్యాప్ (ఎంత తగ్గితే ఆట అంత మెరుగైనట్టు) 24 నుంచి 16కి వచ్చింది. తలలు ఏమీ కాలేదు, గీతలు పడ్డాయంతే.

మరి కొత్తవి ఎందుకు కొన్నానంటే మోచెయ్యి నొప్పి. ఆ సెట్టులో ఉన్నవి స్టిఫ్, అంటే అంతగా వంగని షాఫ్ట్‌లు, నాకు నలభై ఐదు దాటాయి. 2023లో ఫిట్టింగ్‌కి (స్వింగ్ కొలిచి మనకి తగ్గ క్లబ్ చెప్పే చోటికి) వెళ్తే గంటన్నర కొలిచి తేలికైన రెగ్యులర్ షాఫ్ట్ నప్పుతుందన్నారు. మిజునో జేపీఎక్స్923 ఫోర్జ్డ్ తీసుకున్నాను, నిప్పన్ 950 షాఫ్ట్‌లతో, నా కొలతలకి. హిరోషిమాలో ఫోర్జ్ చేసిన, అంటే పోత పోయకుండా కొట్టి మలచిన, తలలు. పన్నుతో కలిపి దాదాపు 1,400 డాలర్లు. నాలుగు నెలల్లో నొప్పి తగ్గింది. బంతి సరిగ్గా తగిలినప్పుడు చేతికి వచ్చే ఆ మెత్తదనం పాతవాటిలో లేదు, అది నాకు చాలా ఇష్టం.

దూరం మాత్రం? సెవెన్ ఐరన్ పాతది 152 గజాలు, కొత్తది 155. లాఫ్ట్‌లు (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం, అది తగ్గితే దూరం పెరుగుతుంది) దాదాపు ఒకటే కాబట్టి ఇంతకంటే తేడా రాదు కూడా. కొత్త మోడల్ పది గజాలు ఎక్కువ ఇస్తోందని ఎవరైనా చెప్తే ముందు లాఫ్ట్ అడగండి. జీ400 సెవెన్ ఐరన్ 30 డిగ్రీలు. అదే కంపెనీ 2018లో తెచ్చిన ఐ210లో సెవెన్ 33 డిగ్రీలు. నంబరు ఒకటే అయినా అవి వేరే క్లబ్బులు.

నిజం చెప్పాలంటే నాకు పనికొచ్చింది కొత్త తల కాదు, సరైన షాఫ్ట్. పాత తలలకే షాఫ్ట్‌లు మార్పిద్దామని అడిగాను. ఏడింటికీ నాలుగు వందలు దాటుతుందన్నారు, అప్పటికి ఆ సెట్టుకి షాపులో ఇస్తానన్నది 210. అందుకే మానుకున్నాను. ఇంకో సంగతి, ఫోర్జ్డ్ స్టీల్ మెత్తన. బ్యాగులో ఒకదానికొకటి తగిలి సొట్టలు పడ్డాయి. ఈ గట్టి నేల మీద రెండేళ్లు ఆడాక కొలిపిస్తే రెండు క్లబ్బుల లాఫ్ట్ ఒక డిగ్రీ జరిగింది. వంచి సరిచేయించాను. మొన్న అదే షాపులో అడిగితే వీటికి 480 ఇస్తామన్నారు. షాపు ఇస్తానన్న ధర తీసేసి చూస్తే పాత సెట్టు నాకు ఏడాదికి ఎనభై డాలర్లు పడింది. కొత్తది ఇప్పటికి 920 తిన్నది.

మా వీధిలో ఉండే వరంగల్ కుర్రాడు ఈమధ్యే ఆట మొదలుపెట్టాడు. "అన్నా, కొత్తవి కొనాలా, పాతవా?" అని అడిగితే రెండు మూడేళ్ల కిందటి మోడల్, మామూలు లై, రెగ్యులర్ షాఫ్ట్, సెకండ్ హ్యాండ్ తీసుకో అన్నాను. మొదటి ఏడాదిలో స్వింగ్ నాలుగుసార్లు మారుతుంది, ఇవాళ కొలిపించుకున్న కొలత దసరాకి పనికిరాదు. బంతి ఎప్పుడూ ఒకే వైపు తప్పుతోందని తనకే తెలిసే రోజు వస్తే అప్పుడు ఫిట్టింగ్‌కి వెళ్లమన్నాను. శాండ్ వెడ్జ్ మాత్రం కొత్తదే కొనిపించాను. ఇసుకలో, గడ్డిలో గ్రూవ్‌లు అన్నిటికంటే ముందు అరిగేది దానికే. పైగా గ్రూవ్‌ల నిబంధన 2010లో మారింది. అంతకుముందు తయారైన వెడ్జ్ చవగ్గా దొరికినా పోటీల్లో ఆడాలనుకుంటే ముందు కనుక్కోవాలి.

జీ400లు అమ్మలేదు. 2023 డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్తూ మా బావమరిదికి తీసుకెళ్లాను. గోల్కొండలో నయా ఖిల్లా లోపలున్న కోర్సులో ఆడతాడు, అక్కడ రాళ్లకి కొదవ లేదు. మొన్న ఫోటో పంపాడు, నైన్ ఐరన్ అడుగున బొటనవేలంత గాటు. "బావా, బంతి మాత్రం తిన్నగానే పోతోంది, గ్రిప్‌లే జారుతున్నాయి" అన్నాడు. ఈసారి వెళ్లేటప్పుడు సూట్‌కేస్‌లో ఏడు గ్రిప్‌లు పెట్టుకోవాలి.